ముద్ద దిగని కాలం

ప్రొద్దుటూరు కోర్టు బయట చెరుకురసం బండి దగ్గర దీవెనమ్మ గొంతు మొదటిసారి మూసుకుపోయింది.

అప్పుడే ఆమె బోనెక్కి దిగి వచ్చింది. ప్లీడరు ఎన్ని రకాలుగా అడిగినా ఒకటే జవాబు చెప్పింది. "నేనేం చూడలేదయ్యా. పొగ కమ్ముకోని ఉండె." ఎదురుగా నిలబడ్డ ముద్దాయిల్లో ముగ్గురి ముఖాలు ఆమెకు బాగా గుర్తున్నాయి. ఆ ముగ్గురూ ఆమెను చూడకుండా కిటికీ బయటికి చూస్తున్నారు. జడ్జిగారు రాయడం ఆపి, "భయం లేకుండా చెప్పమ్మా, నీ భర్తను చంపింది వీళ్లేనా?" అని తనే అడిగారు. వెనక బెంచీలో కూర్చున్న మరిది యోహాను సన్నగా దగ్గాడు.

"నాకు తెలీదు సార్," అంది దీవెనమ్మ.

బయటికి రాగానే యోహానే రసం గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. "తాగు వదినా. అయిపాయ కదా, ఇంక నీకేం భయం ల్యా."

ఒక గుక్క నోట్లో పోసుకుంది. అది గొంతు దాకా పోయి ఆగింది. మింగబోతే లోపల ఎవరో పిడికిలి బిగించినట్టు అయింది. దగ్గు వచ్చి, రసమంతా ముక్కులోంచి బయటికి చిమ్మి, చీర తడిసిపోయింది. బండివాడు నవ్వబోయి ఆమె కళ్లు చూసి ఊరుకున్నాడు. యోహాను జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. అతను అలాంటి మనిషే. ఎప్పుడూ ఏదో ఒకటి ఇస్తూ ఉంటాడు.

దీవెనమ్మ పుట్టింది మైలవరం దగ్గర. పెళ్లయి వచ్చింది తొండూరు అవతల ఒక పల్లెకు. ఆ ఊళ్లో రెండు పెద్ద ఇళ్లు. ఒకటి పైఇల్లు, ఒకటి కిందిఇల్లు. మిగతా ఊరంతా ఈ రెంటిలో ఏదో ఒకదాని మనుషులే. టీ అంగడి ఎవరిదో, మంగలి ఎవరివాడో, ఏ బోరింగు దగ్గర ఎవరు నీళ్లు పట్టాలో కూడా దాన్నిబట్టే. చర్చి ఉన్న పాలెం మొత్తం పైఇంటి కింద లెక్క. దీవెనమ్మ భర్త దేవరాజు పైఇంటి ట్రాక్టరు నడిపేవాడు. పగలు చెనక్కాయల మూటలు తోలేవాడు. కొన్నిసార్లు ఏం తోలాడో ఇంట్లో చెప్పేవాడు కాదు.

పిల్లలు లేరు. ఇద్దరే. అందుకే కాబోలు, దేవరాజుకు ఆ ఊరు వదిలిపోవాలనే కోరిక పుట్టినప్పుడు అడ్డం పడే పనేదీ కనిపించలేదు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో లారీ డ్రైవర్లను తీసుకుంటున్నారని విని ఒకరోజు పోయి మాట్లాడి వచ్చాడు. "వచ్చే నెల పోదాం మ్మే. ఆడ కంపెనీ ఇండ్లుంటాయంట. బజార్లో నడిస్తే ఎనక్కి తిరిగి చూసుకునే పని లేదంట," అన్నాడు. ఆ మాట తమ్ముడికీ చెప్పాడు, తల్లికీ చెప్పాడు. పైఇంటి పెద్దాయనకు కూడా తనే పోయి చెప్పాడు. "మంచిదిలేప్పా, బాగుపడు," అన్నాడట పెద్దాయన.

ఆ వారంలోనే, ఎండ ఇంకా తగ్గని పూట, దేవరాజు సంగటి తిని చెయ్యి కడుగుతుండగా యోహాను వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అన్నా, ట్రాక్టరు స్టార్ట్ కాలా. ఒకపారి వచ్చి చూడు." దేవరాజు తువ్వాలు కూడా తీసుకోకుండా లేచిపోయాడు. దీవెనమ్మ అప్పుడే తన గిన్నె ముందుకు జరుపుకొని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. తువ్వాలు గుర్తొచ్చి, ముద్ద నోట్లో ఉండగానే అది పట్టుకొని వెనక పోయింది.

సందు మలుపులో గడ్డివామి పక్కకు వచ్చేసరికి మొదటి బాంబు పడింది. తర్వాత వరుసగా పడ్డాయి. పొగ లేచింది కానీ మనుషులు కనపడనంత పొగ కాదు. కింద పడ్డ దేవరాజు మీదికి ముగ్గురు వంగారు. ఆమె నోరు తెరవలేదు. నోట్లో ముద్ద ఉంది.

చూసింది ఇంకొకటి కూడా ఉంది. అది ఆమె పోలీసులకూ చెప్పలేదు, తనకు తాను కూడా చెప్పుకోలేదు. కళ్లు చూశాయి, మనసు తలుపేసింది.

కంప్లైంటు పైఇంట్లో తయారైంది. అందులో కిందిఇంటి మనుషుల పేర్లు చాలా ఉన్నాయి. ఆ రోజు ఊళ్లోనే లేనివాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఈ సీమలో అది కొత్త కాదు. ఎవరు చంపారన్నది కాదు, ఎవరు జైలుకు పోవాలన్నది ముందు చూస్తారు. దీవెనమ్మ వేలిముద్ర వేసింది. మూడేళ్లు కేసు నడిచింది. ఈలోగా రాజకీయం తిరగబడింది. రెండు పెద్ద ఇళ్లూ ఒకే పార్టీలో చేరాయి. పులివెందులలో ఒక లాడ్జీలో కూర్చుని రాజీ మాట్లాడుకున్నారు. ఒకరి మీద ఒకరు పెట్టిన కేసులన్నీ కొట్టేయించుకోవాలని తేల్చుకున్నారు. యోహాను వచ్చి వదినతో చెప్పాడు. "పెద్దోళ్లు చేతులు కలిపినాక మనమెంత వదినా? చూడలేదను, సరిపోతాది. ఊరు చల్లబడతాది." పాస్టరుగారు కూడా క్షమాపణ గురించి ఒక వాక్యం చదివి వినిపించారు.

అలా ఆమె కోర్టులో చూడలేదంది.

ఆ తర్వాత సంగటి దిగలేదు. అన్నం దిగలేదు. గంజి, మజ్జిగ మాత్రం ఒక్కోసారి దిగేవి, ఒక్కోసారి అవీ దిగేవి కావు. చర్చిలో ఉపవాస ప్రార్థన పెట్టారు. ఉపవాసం ఆమెకు ఎలాగూ ఉండనే ఉంది. ఎవరో మంత్రించిన దారం తెచ్చారు. జాకెట్లు వదులై భుజాల మీంచి జారిపోసాగాయి. చివరకు అత్త రాములమ్మ, మాటలు తక్కువైన మనిషి, ఒకనాడు పొద్దున్నే లేచి, "పద, జమ్మలమడుగు పోదాం," అని చెయ్యి పట్టుకొని బస్సెక్కించింది.

మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగారు గొట్టం వేసి చూశారు. ఫోటోలు తీయించారు. "గొంతులో గడ్డ లేదు, పుండు లేదు. అట్లని నీ బాధ అబద్ధం కాదమ్మా. భయం పట్టుకుంటే లోపలి కండరాలు బిగుసుకుపోతాయి. మందుతో పాటు వేరే పని కూడా ఉంది. కొన్నాళ్లు ఇక్కడే ఉండు," అని, ఆడవాళ్ల వార్డు చూసే అన్నమ్మ సిస్టర్‌కు అప్పగించారు.

అన్నమ్మ నలభై దాటిన మనిషి. ఆ వార్డులో ఆమె ఇలాంటివాళ్లను చూస్తూనే ఉంది. ఒకామెకు కొడుకు పోయిన రోజు నుంచి కుడిచెయ్యి లేవదు. ఇంకొకామె తలుపు చప్పుడైతే మంచం కింద దూరుతుంది. ఎవరూ పిచ్చివాళ్లు కాదు. పనిపాటలు చేసుకునేవాళ్లే.

"ఏం జరిగిందో ఇప్పుడు నాకు చెప్పొద్దు," అంది అన్నమ్మ మొదటి రోజు. "గొంతు మూసుకునే ముందు ఒంట్లో ఇంకేం అయితాదో అది చెప్పు."

"ఏమీ కాదు సిస్టర్. మూసుకుంటాది, అంతే."

"చూడు. మనకేం తొందర ల్యా."

దీవెనమ్మకు అది వింత మాటగా తోచింది. ఒంటిని చూడటమేమిటి? ఒళ్లంటే కూలికి పోయేది, ఎండకు మాడేది, నొప్పి వస్తే తిట్టుకునేది. దాన్ని కూర్చుని గమనించమని ఎవరూ చెప్పలేదు. కానీ చేసే పనేమీ లేక గమనించసాగింది. గంజి గ్లాసు చేతికి రాగానే ముందు పాదాలు చల్లబడుతున్నాయి. తర్వాత ఎడమ భుజం తనంతట తాను పైకి లేచి చెవి దగ్గరికి వస్తోంది. కడుపు లోపలికి లాక్కుంటోంది. ఊపిరి సగంలో ఆగుతోంది. ఆ తర్వాతే గొంతు.

ఇది చెప్పినప్పుడు అన్నమ్మ తల ఊపింది. "అయితే గొంతు ఆఖర్న కదా వచ్చేది. నువ్వేమో గొంతుతోనే కొట్లాడతాండావు. కాళ్ల కాడే పట్టుకో."

కాళ్లు చల్లబడగానే గ్లాసు పక్కన పెట్టడం. రెండు పాదాలూ బండ మీద ఆనించి, బండ తనను మోస్తోందని తెలిసేదాకా ఉండటం. తల నిదానంగా తిప్పి తలుపు ఎక్కడుందో, కిటికీ ఎక్కడుందో చూసుకోవడం. ఊపిరి తీసుకోవడం మాని ముందు వదలడం, వేడి టీ మీద ఊదినట్టు నిదానంగా వదలడం. భుజం దిగితే సరే, దిగకపోతే ఆ పూటకు వదిలెయ్యడం. అన్నమ్మ నేర్పింది ఇంతే. రోజూ అదే. చాలా పూటలు ఏమీ మారలేదు. ఒకరోజు మధ్యాహ్నం వార్డు కిటికీ కింద ఎవరో ఆడవాళ్లు బట్టలు ఉతుకుతూ దేనికో పగలబడి నవ్వారు. ఆ నవ్వు వింటూ దీవెనమ్మ నాలుగైదు చెంచాల గంజన్నం తినేసింది. తిన్న సంగతి గిన్నె చూసుకున్నాక గాని తెలియలేదు.

"ఇది పూర్తిగా పోతాదా సిస్టర్?"

"పొమ్మంటే పోదు. ఇంటి కుక్క మొరుగుతాంటే రాయి పెట్టి కొడ్తే ఊరకుంటాదా? ఇంకా మొరుగుతాది. లేచి పోయి, అది దేన్ని చూసి మొరుగుతాందో చూడాల."

"పోయి చూస్తే నిజంగానే ఎవురన్నా ఉంటే?"

అన్నమ్మ మందుల ట్రే సర్దుకుంటూ, "ఉంటే ఉన్నట్టు తెలుస్తాది కదా," అంది.

పల్లెకు పోతే మళ్లీ మొదటికొస్తుందని, అన్నమ్మే ప్రొద్దుటూరులో తనకు తెలిసిన రహమత్‌బీ దగ్గర ఆమెను పనికి కుదిర్చింది. రహమత్‌బీ భర్త పోయిన మనిషి, బంగారు అంగళ్ల వెనక సందులో నాలుగు మిషన్లు వేసుకుని జాకెట్లు కుట్టేది. దీవెనమ్మ హుక్సులు కుట్టడం, చీరలకు ఫాల్ వేయడం నేర్చుకుంది. వెనక గదిలోనే పడక. కుర్చీ గోడకు ఆనించుకొని, తలుపు కనిపించేలా కూర్చునేది. రహమత్‌బీ ఎందుకని అడగలేదు.

అక్కడ ఆమె మెల్లగా మనిషైంది. అన్నం దిగసాగింది. ఒంటి మాట కొంచెం కొంచెం అర్థమయ్యేది. ఊరేగింపు టపాసులకు కాళ్లు చల్లబడతాయి, మళ్లీ వాటంతట అవే వెచ్చబడతాయి. అది పాత భయం. తెల్ల ఖద్దరు చొక్కా చూస్తే కడుపు లాగుతుంది, మనిషి దాటిపోతే వదులుతుంది. అదీ పాతదే. అలా వచ్చినవాటిని వచ్చినట్టు పోనివ్వడం అలవాటైంది.

ఒక్కటి మాత్రం పోయేది కాదు. యోహాను నెలకోసారి చూసిపోయేవాడు. పులివెందుల అరటిపళ్లు తెచ్చేవాడు. "ఎట్లుండావు వదినా? ఏం కావాల?" అని అడిగేవాడు. మాటలో ఏ తేడా ఉండేది కాదు. అతను పోయాక మాత్రం ఆ రోజంతా, కొన్నిసార్లు మర్నాడు కూడా, ఆమెకు మంచినీళ్లు కూడా దిగేవి కావు.

"మీ మరిది వచ్చిన పొద్దల్లా నీకు రోజా ఉపవాసమే," అంది రహమత్‌బీ ఒకసారి.

"ఆయప్ప మొగం నా మొగుని మొగం మాదిరే ఉంటాది కదక్కా. అందుకేమో."

"ఏమోమ్మా. నా మొగుని తమ్ముడూ అచ్చు వాని మాదిరే ఉంటాడు. నాకు ఏడుపొస్తాది గాని గొంతు పట్టుకోదు."

దీవెనమ్మ సూదిలో దారం ఎక్కించింది.

తొంభై ఐదులో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఆ ఊరి సర్పంచి పదవి ఎస్సీ ఆడవాళ్లకు రిజర్వు అయింది. చర్చికి పోయినా పాలెం వాళ్లంతా కాగితాల్లో ఎస్సీలే. ఒకరోజు పొద్దున సందు మొదట్లో జీపు ఆగింది. యోహాను దిగి వచ్చాడు. ఈసారి తెల్లచొక్కా వేసుకున్నాడు.

"వదినా, నీ తలరాత మారిపోయింది. రెండిండ్లోళ్లూ నీ పేరే అంటాండారు. పోటీ గీటీ ల్యా, ఏకగ్రీవం. పైఇంటాయన, కిందింటాయన ఇద్దరూ కలిసి నీకు దండేస్తారంట పులివెందుల మీటింగులో. భర్తను పోగొట్టుకున్న ఆడమనిషే రాజీకి ఒప్పుకుందని అందరికీ తెలియాలంట. నువ్వు చేసేదేం ల్యా. నేనుండా కదా, అన్నీ నేను చూసుకుంటా."

మిషన్లు ఆగాయి. కుట్టుపిల్లలు సంబరంగా చూస్తున్నారు. దీవెనమ్మ పాదాలు మంచులో పెట్టినట్టయ్యాయి. భుజం లేచింది. ఆమె కాళ్లు నేలకు ఆనించి చూసింది, ఊపిరి వదిలి చూసింది. లాభం లేదు. భుజం దిగలేదు.

సరిగ్గా అప్పుడు పక్క బజారులో ఎవరో కొత్త అంగడి తెరుస్తూ టపాసుల సరం ముట్టించారు. మొదటి చప్పుడుకే యోహాను గభాలున గోడకు అతుక్కుని, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ పల్లెల్లో పెరిగినవాళ్లు ఎవరైనా అంతే. చప్పుడు వింటే ముందు ఒళ్లు ఒరిగిపోతుంది, తర్వాతే ఆలోచన. టపాసులని తెలిశాక సిగ్గుపడి నవ్వాడు.

దీవెనమ్మ నవ్వలేదు. ఆమె కళ్ల ముందు గడ్డివామి పక్కన నిలబడి తను చూసిన వీధి వచ్చింది. బాంబులు పడుతున్నాయి. పాలెంలో వాళ్లంతా పడుతూ లేస్తూ ఉరుకుతున్నారు. నాపరాళ్ల కంచె పక్కన యోహాను నిలబడి ఉన్నాడు. చేతులు కట్టుకుని ఉన్నాడు. తల ఒంచలేదు. ఒక్క అడుగు పక్కకు వెయ్యలేదు.

టపాసుకు ఇంతగా ఒరిగేవాడు ఆ రోజు ఎందుకు ఒరగలేదు? బాంబు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో తెలిసినవాడు తప్ప అలా నిలబడలేడు.

"ఆదివారం ఊరికొచ్చి చెప్తా," అంది. గొంతు ఎలా పలికిందో ఆమెకే తెలియదు.

ఆదివారం ముద్దనూరు మీదుగా పోయే పులివెందుల బస్సెక్కింది. పల్లెలో దిగి పాలెం చేరేసరికి యోహాను, అతని భార్య చర్చిలో ఉన్నారు. రాములమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది. దీవెనమ్మ పక్కన కూర్చుని తనూ ఒలిచింది.

"అత్తా, ఒకటి చెప్తా. నువ్వు నన్ను తిట్టినా సరే. ఆ పొద్దు నేను చూసినాను. నరికినోళ్లను చూసినాను. యోహానును కూడా చూసినాను. బాంబులేస్తాంటే ఆయప్ప చేతులు కట్టుకోని నిలబడుకోని ఉండె."

రాములమ్మ చేతిలోని కాయ ఒలవలేదు. కింద పడెయ్యనూ లేదు.

"ఆ పొద్దు పొద్దున్నే వాడు నన్నడిగినాడు, అన్న ఎన్ని గంటలకు తింటాడని," అంది చివరకు. "ఎందుకురా అంటే ఊరికెనే అన్నాడు. సాయంత్రం వచ్చి ఆకలైతాంది, సంగటి పెట్టుమ్మా అన్నాడు. పెద్దోడు ఇంకా బజార్లోనే పడున్నాడు, పోలీసులు లేపలా. వీడు కడుపునిండా తినె. అప్పుట్నుంచి వానికి అన్నం పెట్టేటప్పుడు నా చెయ్యి వణుకుతాది. ముసిల్దాన్నయితి కదా, వాతమంటాండారు అందరూ. నేనూ వాతమే అంటాండా."

"నీకు తెలుసా అత్తా?"

"చేతికి తెలుసు. నేను దాని మాట యినలా." గొంతు ఇంకా తగ్గించింది. "కిందింటోళ్లు నరికినారు గాని, అప్పజెప్పింది పైఇల్లేనమ్మా. బాంబుల సరుకు యాడ దాస్తారో పెద్దోనికి తెలుసు. చిలమకూరు పోతానంటే పోనిస్తారా? వాణ్ణి పిల్చుకోని పోయింది మాత్రం నా కడుపున పుట్టినోడే."

దీవెనమ్మ ఏడవలేదు. చెప్పలేనంత అలసట వచ్చి అత్త ఒళ్లో తల పెట్టుకుంది. ఎడమ భుజం, ఎన్నేళ్లుగానో అలాగే ఉన్న భుజం, కిందికి జారింది.

చర్చి వదిలాక యోహాను వచ్చాడు. భార్య వండింది. అత్త వడ్డించింది. గరిటె పళ్లెం అంచుకు తగిలి టకటకలాడింది. ఇప్పుడు ఆ చప్పుడు దీవెనమ్మకు వేరేగా వినిపించింది. యోహాను ముద్ద కలుపుతూ అడిగాడు.

"ఏం తీర్మానం చేసినావు వదినా?"

"నేను నిలబడను."

"ఎందుకు?"

"నాకు ముద్ద దిగదు. ఆ రెండిండ్లోళ్లు దండేస్తే నేను బతకను."

యోహాను తలెత్తలేదు. రెండు ముద్దలు మింగాడు. మంచినీళ్లు తాగాడు. అప్పుడు చాలా మెల్లగా, ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట అడిగాడు.

"ఆ పొద్దు నువ్వు యాడుంటివి వదినా?"

వంటింట్లో అతని భార్య గిన్నెల చప్పుడు ఆగిపోయింది. దీవెనమ్మ పాదాలు బండను వెతుక్కుని ఆనుకున్నాయి.

"గడ్డివామి పక్కన," అంది.

యోహాను తలూపాడు. పళ్లెంలో మెతుకు మిగలకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"బస్సుకు టైమైతాంది. పద, మోటారు సైకిలు మీద రోడ్డు కాడ దింపుతా."

మాటలో కోపం లేదు. ఎప్పటిలాగే మర్యాదగా ఉంది. దీవెనమ్మ ఒళ్లు మాత్రం ఈసారి చల్లబడలేదు, వణకలేదు. కాళ్లలోకి వేడి వచ్చింది. లేచి నిలబడమని, ఆ బండి ఎక్కవద్దని చెప్పింది. ఇది పాత భయం కాదని ఆమెకు స్పష్టంగా తెలిసింది.

"నడిచే పోతా," అంది.

"ఎండ శానా ఉంది."

"నేనూ పోతాండా," అంది రాములమ్మ. అప్పటికే లోపలికి పోయి రెండు చీరలు, బైబిలు మూట కట్టుకొని వచ్చింది. "కోడలు కాడ ఉంటా నాలుగు దినాలు."

"నువ్వెందుకుమా?"

తల్లి కొడుకు ముఖంలోకి చూసింది. చూపు తిప్పుకున్నది యోహానే.

పాలెం నుంచి రోడ్డు దాకా మట్టిబాట. రెండు పక్కలా కోత అయిపోయిన చేలు. ఆడవాళ్లిద్దరూ ముందు నడిచారు. వెనక మోటారు సైకిలు స్టార్టయింది. అది దాటిపోలేదు. నడకంత నిదానంగా, వాళ్ల వెనకే వచ్చింది. ఇంజను చప్పుడు వీపుకు తగులుతూనే ఉంది. దీవెనమ్మ ఊపిరి వదిలింది, మళ్లీ వదిలింది. అత్త చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వణకడం లేదు. వెనక్కి తిరగవద్దని ఇద్దరూ అనుకోలేదు, తిరగలేదు అంతే. చేలల్లో గొర్రెలు మేపుతున్న ఒకామె లేచి నిలబడి వాళ్లు దాటేదాకా చూసి, గొర్రెల్ని దూరంగా తోలుకుపోయింది.

బస్సు వచ్చేదాకా యోహాను బండి మీదే కూర్చున్నాడు, ఇంజను ఆపకుండా. బస్సు ఆగాక మాత్రం దిగొచ్చి, తల్లి మూట పైకి అందించాడు.

"ఎప్పుడొస్తావుమా?"

రాములమ్మ పోయి కోడలి పక్కన కూర్చుంది. తిరిగి ఆ ఇంట్లో ఉండటానికి పోలేదు.

ఏకగ్రీవం జరిగింది. యోహాను భార్య సర్పంచి అయింది. పులివెందులలో దండలు ఆమెకే వేశారు. ప్రొద్దుటూరు సందు మొదట్లో కొన్నాళ్లు ఎవరో ఒకడు బీడీ కాలుస్తూ నిలబడేవాడు. రహమత్‌బీ ఒకరోజు బయటికి పోయి, "ఏమప్పా, జాకెట్టు కుట్టించుకుంటావా?" అని గట్టిగా అడిగింది. తర్వాత వాడు రాలేదు. కానీ జీపు చప్పుడైతే అత్తాకోడళ్లిద్దరూ చేతిలో పని ఆపి వినేవాళ్లు. దీవెనమ్మ ఒక ప్లీడరును అడిగింది. కొట్టేసిన కేసు మళ్లీ లేవదన్నాడు. ఆమె చూసింది అత్తకు తెలుసు, రహమత్‌బీకి తెలుసు, అన్నమ్మ సిస్టర్‌కు తెలుసు. అంతకు మించి అది పోలేదు. ఆ ముగ్గురికి తెలియడం వల్లనే ఆమె సంగటి తినగలిగింది. దానివల్ల న్యాయం మాత్రం జరగలేదు.

మూడేళ్లకు రాజీ చెడింది. రోడ్డు కాంట్రాక్టు దగ్గర రెండు ఇళ్లకూ తగాదా వచ్చిందన్నారు. ఒక మధ్యాహ్నం తొండూరు దగ్గర యోహాను బండిని అడ్డగించి అతన్ని నరికేశారు. కబురు విన్నాక రాములమ్మ చేతిలో పని కింద పెట్టింది. తర్వాత లేచి, "వాణ్ణీ నేనే కన్నాను కదా," అంది. ఇద్దరూ బస్సెక్కారు.

ఆ మనిషి పోయాడంటే తన గొంతు పూర్తిగా తెరుచుకుంటుందని దీవెనమ్మ ఎప్పుడో అనుకుని ఉండవచ్చు. అక్కడ శవం చూడగానే కాళ్లు చల్లబడ్డాయి. భుజం లేచింది. పగ తీరిందన్న సంగతి ఒంటికి పట్టలేదు. దానికి కనిపించింది మళ్లీ ఒక నరికిన మనిషి, అంతే.

వాకిట్లో జీపులు నిండాయి. పైఇంటి మనుషులు తెల్లకాగితం తెచ్చి, పేర్లు చదువుతున్నారు. "వీళ్లందరినీ చూసినానని చెప్పాల సర్పంచమ్మా." యోహాను భార్య గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. కాగితం తెచ్చినవాడు ఇంకుప్యాడు ఆమె ఒళ్లో పెట్టాడు.

దీవెనమ్మ పోయి ఆమె పక్కన కూర్చుంది.

"కొంచెంసేపు ఊరకుండప్పా. ఆమెకు ఊపిరాడటం ల్యా," అంది వాడితో.

"నువ్వెవురమ్మా మధ్యలో?"

"తోడికోడల్ని."

వాడు ఆమెను పరీక్షగా చూశాడు, ఆ ముఖం గుర్తుపెట్టుకునేవాడిలా. తర్వాత ప్యాడు తీసుకుని బయటికి పోయాడు. మళ్లీ వస్తాడని అందరికీ తెలుసు. బయట జీపులు ఒకటొకటే స్టార్టయ్యాయి. శ్మశానం దారికి కాదు, కిందింటి వాళ్ల బంధువులుండే ఊరి దారికి. యోహాను భార్య ఆ చప్పుడు విని దీవెనమ్మ మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. దీవెనమ్మ చెయ్యి లాక్కోలేదు.

సాయంత్రానికి ఆ దారిలో బస్సులు ఆపేశారని కబురొచ్చింది. అత్తాకోడళ్లు ఆ ఇంట్లోనే ఉండిపోవలసి వచ్చింది. పక్కింటివాళ్లు అన్నం వండి తెచ్చారు. రాములమ్మ రెండు ముద్దలు తిని కోడలి వైపు పళ్లెం జరిపింది. దీవెనమ్మ ఒకసారి ముద్ద పట్టుకుని చూసి, తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

"దిగదా?" అంది అత్త.

"ఈ పొద్దు దిగదులే అత్తా. కాగితమోడు మళ్లా వస్తాడు, ఈడ దిగకూడదు కూడా," అంది దీవెనమ్మ. పళ్లెం మీద మూత పెట్టి, తలుపు కనిపించేలా గోడకు జరిగి కూర్చుంది.